పామూరు సీమలో నకళ్ల చరిత్ర

కనిగిరికి దక్షిణముగా, ఉదయగిరి దుర్గమువైపు పోవు త్రోవలో, వానలు తక్కువగా కురియు మెట్టభూముల నడుమ వెలసిన పామూరు, రాజధానులకును రేవులకును దూరముగా నుండుటచేత చరిత్రకారుల దృష్టికి అంతగా రాని ఊరే యైనను, కాగితముతో దానికి గల సంబంధము మాత్రము అల్పమైనది కాదు. నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాకు చెందియుండిన ఈ ప్రదేశము 1970 ఫిబ్రవరి 2వ తేదీన క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకు 1972లో ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినప్పుడు పామూరు తానే యొక మండలకేంద్రమైనది. అధికారపీఠము మారినప్పుడెల్లను రైతు తన భూమి తనదేయని క్రొత్త అధికారికి మరల నిరూపింపవలసి వచ్చును. నిరూపణమునకు కాగితము కావలెను. అసలు కాగితము చేతినుండి విడువరానిది గనుక దానికి నకలు కావలెను. వర్షాధారపు సేద్యమే దిక్కైన ఊళ్లలో పంట పండిన యేటికంటె పంట పోయిన యేట, సహాయమునకనియు బీమాకనియు అప్పు వాయిదాకనియు, నకళ్ల అవసరము హెచ్చును.

నకళ్ల చరిత్రయనగా తప్పుల చరిత్రయే యని నా నమ్మకము. ఉన్నదున్నట్లుగా దిగిన ప్రతిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. తప్పు దొరలిన ప్రతియే, ఆ తప్పు ఎక్కడ పుట్టినది, దానిని ఎవరు కనిపెట్టిరి, ఎట్లు సరిదిద్దిరి అను ప్రశ్నలను లేవదీసి, ఆ విద్య లోతును మనకు చూపును.

పూర్వము గ్రామకరణముల లెక్కలును, ఊరి వృత్తాంతములును తాటాకు కవిలెలలో నుండెడివి. ఆకును ఉడికించి, ఆరబెట్టి, సమముగా కత్తిరించి, ఎడమచేత పట్టుకొని, కుడిచేతి గంటముతో గీయుచుండగా అక్షరము ఆకుపై చీరుకొనునే కాని కంటికి స్పష్టముగా కనబడదు. వ్రాత ముగిసిన పిమ్మట నూనెతో కలిపిన మసిని పూసి తుడిచినప్పుడు మాత్రమే, గీత పడినచోట మసి నిలిచి, తక్కినచోట తొలగి, లిపి నల్లగా తేలును. కనబడని వ్రాతను నల్లని పొడి కనబడునట్లు చేయు ఈ క్రియను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దీనితో మరల మనకు పని గలదు.

పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున కర్నల్ కాలిన్ మెకంజీ తన ఉద్యోగులచేత, వారిలో ముఖ్యులైన కావలి సోదరులచేత, దక్షిణదేశపు ఊరూర తిరిగించి కైఫీయతులను, అనగా గ్రామవృత్తాంతములను, సేకరింపజేసెను. 1821లో ఆయన గతించిన కొన్నేండ్లకు ఆ సంచయములో గొప్పభాగము మద్రాసు చేరినది. అప్పటికే జీర్ణించుచుండిన ఆ కాగితములను చార్లెస్ ఫిలిప్ బ్రౌను మరల వ్రాయించెను. ఆ నకళ్లే లేకున్నయెడల మన గ్రామముల పాతకథలలో పెక్కింటిని నేడు చదువగలిగెడివారము కాము. కడపలో పండితులను, లేఖకులను కూర్చుకొని తెలుగు కావ్యముల వ్రాతప్రతులను పోల్పించి శుద్ధప్రతులను సిద్ధపరచినవాడు కూడ ఆ బ్రౌనే.

వ్రాతగాని తప్పులు యాదృచ్ఛికములు కావు. వానికొక స్వభావము గలదు. ఒకే మాట రెండు పంక్తులలో వచ్చినయెడల చూపు మొదటిదానినుండి రెండవదానికి దాటిపోయి నడిమి భాగమంతయు లోపించును. పకారము వకారమగును, దకారమునకు ఒత్తు చేరును, లేదా జారిపోవును. ఇట్టి తప్పులను పట్టుటకు మన పూర్వులకు అమరిన సాధనములలో మిక్కిలి చక్కనిది ఛందస్సు. ఉత్పలమాలలో పదియవ అక్షరము యతిస్థానము, చంపకమాలలో పదునొకండవది. ప్రతిపాదమున రెండవ అక్షరము ప్రాసస్థానము. లేఖకుడొక్క అక్షరము విడిచినను గణము చెడును, యతి తప్పును, చదువరి నాలుక అచ్చటనే ఆగును. కవులు చెవికింపునకై పాటించిన నియమమే ప్రతులు వ్రాయువారికి కావలివానివలె పనిచేసినది. అయితే ఆ కావలికి ఒక మేర గలదు: ఇచ్చట తప్పున్నదని అది చెప్పును, ఒప్పేదో చెప్పదు. ఒప్పును కనుగొనుటకు పండితుడు వేరొక ప్రతిని చూడవలెను, కవి శైలిని ఎరిగియుండవలెను, కొన్నియెడల లేఖకుని నిద్రమత్తును సైతము ఊహింపవలెను.

లెక్కలకు ఛందస్సు లేదు. కరణము వ్రాయు అంకెలలో పాతికకు నిలువుగీత ఒకటి, అరకు రెండు, ముప్పాతికకు మూడు. వీసమునకు అడ్డగీత ఒకటి. నిలువుగా నుండవలసిన గీత కాస్త ప్రక్కకొరిగినయెడల పాతిక వీసమైపోవును; అనగా నాలుగవ వంతు పదునారవ వంతగును. అటువంటి లిపిలో నకలు వ్రాయుచున్నప్పుడు చేతిపై ఎంత భారము! అందుచేతనే సొమ్మును అంకెలలో వేసి, వెంటనే అక్షరములలో మరల వ్రాయు ఆచారమును, పుటకు పుట మొత్తము కట్టి తరువాతి పుట తలపై దించు ఆచారమును ఏర్పడినవి. ఒకే సంగతిని రెండువిధముల చెప్పించి, రెంటికిని పొత్తు కుదురనప్పుడు తప్పును పసిగట్టు ఈ ఉపాయమునకును, ఛందస్సు చేసిన పనికిని మూలసూత్రమొక్కటే. 1984లో ప్రభుత్వము కరణపు పదవులను రద్దుచేసినప్పుడు, ఎవరి కుటుంబములో తరతరములుగా అడంగళ్లు, అనగా భూముల సాగులెక్కలు, నిలువయుండెనో వారి చేతినుండి అవి కార్యాలయములకు చేరినవి. అంతవరకు ఊరిలో కరణముగారి అరుగుమీద దొరకిన నకలునకై రైతు బస్సెక్కవలసి వచ్చెను.

శాసనములకు ప్రతి తీయు పద్ధతి మరియొకటి. అలన్ బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి అను ఇరువురు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనములలో కనిగిరి తాలూకాకును చోటు గలదు. శాసనపరిశోధకులు తడిపిన కాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి, అక్షరపు గుంటలలోనికి దిగనిచ్చి, పైన సిరాను అద్దుదురు. నేల నల్లనై అక్షరము తెల్లగా నిలుచును. రాతిలోని పగులు కూడ అక్షరమువలెనే తెల్లగా దిగును గనుక, ఏది ఉలిగీతయో ఏది పగులో తేల్చుటలోనే చదువువాని నేర్పంతయు బయటపడును.

1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము క్రింద నడచిన కార్యాలయములలో, దస్తావేజును ఒకరు పెద్దపుస్తకములోనికి చేతితో ఎక్కించుటయు, ఒకరు పైకి చదువుటయు, వేరొకరు పోల్చి చూచుటయు, ముగ్గురును చేవ్రాళ్లు చేయుటయు పరిపాటి. నకలునకు ముగ్గురు మనుష్యులు బాధ్యులై నిలిచిన ఆ కాలము, 1998లో మన రాష్ట్రపు రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించి దస్తావేజులను స్కానుచేయు పద్ధతి వచ్చువరకు సాగినది. నడుమ కార్బను కాగితము, టైపు మిషను, స్టెన్సిలు కోసి సిరా రుద్దు సైక్లోస్టైలు వచ్చినవి. పరీక్షాపత్రములకును, సంఘముల కరపత్రములకును సైక్లోస్టైలు ఎంతయో ఉపకరించినది. కాని అది ముందుగా స్టెన్సిలు కోసుకొన్నదానికే ప్రతులు తీయగలదు. ఎప్పుడో వ్రాసిన పట్టాను, ఉన్నది ఉన్నట్లుగా, వ్రేలిముద్రతో సహా దింపుట దానికి సాధ్యము కాదు.

ఆ సాధ్యమును కల్పించినవాడు చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికా దేశీయుడు. న్యూయార్కులో పేటెంటు వ్యవహారములు చూచు ఉద్యోగి యగుటచే పత్రములకు ప్రతులు చాలక నిత్యము ఇబ్బంది పడుచు, కీళ్లవాతముతో చేతివ్రాత బాధాకరమై, ఆయన గ్రంథాలయములలో కూర్చుండి వేరొక మార్గమును వెదకెను. 1938 అక్టోబరు 22వ తేదీన ఆస్టోరియా అను పేటలో ఒక చిన్నగదిలో, ఒట్టో కోర్నై అను సహాయకునితో కలిసి, గంధకము పూసిన జింకు రేకును రుమాలుతో రుద్ది విద్యుదావేశము కలిగించి, ఆ తేదీయు పేట పేరును సిరాతో వ్రాసిన గాజుపలకను దానిపై నుంచి, దీపపు వెలుగు పడనిచ్చి, లైకోపోడియము అను మెత్తని పొడిని చల్లి ఊదెను. వెలుగు సోకినచోట ఆవేశము పోయి పొడి ఎగిరిపోయినది. అక్షరపు నీడ పడినచోట ఆవేశము నిలిచి పొడి అంటుకొన్నది. మైనపు కాగితమును నొక్కి ఎత్తగా ప్రపంచమున మొదటి జిరాక్సు ప్రతి దిగినది. తాటాకుపై గంటము చీరిన గీతలో మసి నిలిచినట్లే, రేకుపై వెలుగు విడిచిన నీడలో పొడి నిలిచినది. నేటి టోనరును నల్లగా చేయునది కూడ ప్లాస్టిక్కు రేణువులలో కలిపిన మసియే యని తెలిసినప్పుడు, ఈ రెండు విద్యల నడుమ వేలమైళ్ల దూరమున్నను అవి ఒకదానికొకటి పరాయివి కావని నాకు తోచును.

కార్ల్‌సన్‌కు 1942లో పేటెంటు వచ్చినది. పెక్కు కంపెనీలు నిరాకరించిన పిమ్మట 1944లో బాటెల్ పరిశోధనాలయమును, 1947లో రోచెస్టరులోని హేలాయిడ్ కంపెనీయు ముందుకు వచ్చినవి. ఆ కంపెనీయే తరువాత తన పేరులో జిరాక్సు అను మాటను చేర్చుకొని 1959లో 914 అను యంత్రమును లోకమునకు చూపెను. సుమారు మూడువందల కిలోల బరువు గల ఆ యంత్రము నిమిషమునకు ఏడు ప్రతులు తీయుచుండెను. పొడిని కాగితముపై కరిగించు వేడికి ఒక్కొక్కప్పుడు కాగితమే అంటుకొనుచుండెను గనుక దానితోపాటు మంటలార్పు పాత్రయొకటి ఇచ్చుచుండిరి. యంత్రపు దోషము ప్రమాదము కాగలదని మొదటి తరములోనే తేలినది.

మన దేశమున మోదీ జిరాక్సు కంపెనీ 1983లో స్థాపితమై, ఉత్తరప్రదేశములోని రాంపూరులో యంత్రముల తయారీ సాగించెను. జిల్లాకేంద్రములకు ముందును, తాలూకా కేంద్రములకు తరువాతను, పామూరువంటి ఊళ్లకు ఆ పిమ్మటను యంత్రము చేరుట సహజక్రమము. అట్లు చేరినవానిలో అనేకములు పెద్దనగరములలోనో విదేశములలోనో కొంతకాలము పనిచేసి, విడిభాగములు మార్చబడి, చౌకధరకు అమ్ముడుపోయిన సెకండుహ్యాండు యంత్రములే. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, కులధ్రువీకరణ పత్రము, పదవతరగతి మార్కులజాబితా, ఇటీవల ఆధారు కార్డు. వీనినన్నిటిని దింపుచు జిరాక్సు షాపు బస్టాండు దగ్గరనో, మండల కార్యాలయము దగ్గరనో నిలదొక్కుకొన్నది. ముగ్గురు లేఖకుల చేవ్రాళ్లకు బదులు గెజిటెడు అధికారి సంతకమొక్కటి చాలినది. 2014 తరువాత కేంద్రప్రభుత్వ కార్యాలయములలో దరఖాస్తుదారుని స్వంత సంతకమే చాలునన్నారు. మనిషిపై నుండిన భారము యంత్రముపైకి దిగినది. కనుక తప్పును కనిపెట్టు భారమును యంత్రమే మోయవలసి వచ్చినది.

యంత్రములోపల నడచు పనిని తెలిసికొన్నగాని దాని తప్పు అర్థము కాదు. డ్రమ్ముపై ఆవేశము పడును, అద్దములగుండా, నేటి యంత్రములలో లేజరుగుండా, పత్రపు నీడ దానిపై వ్రాలును, టోనరు అంటును, కాగితము డ్రమ్మును తాకి పొడిని తనపైకి తీసికొనును, బ్లేడు మిగిలిన పొడిని గీకివేయును, తుదకు వేడి రోలరుల నడుమ సుమారు 180 నుండి 200 డిగ్రీల ఉష్ణమున పొడి కరగి కాగితమున ఇంకును. ఈ మెట్లలో ఒక్కొక్కటి చెడినప్పుడు కాగితముపై ఒక్కొక్క గుర్తు పడును. పుట పొడవునా సన్నని నల్లగీత వచ్చినయెడల ఆవేశపు తీగెపై మురికిపేరినదో, బ్లేడు అంచు తెగినదో చూడవలెను. చేతితో రుద్దగా అక్షరము రాలిపోయినయెడల వేడి చాలలేదు. ఒకే మచ్చ సమానమైన ఎడముతో మరల మరల పడుచున్నయెడల, ఆ ఎడమును స్కేలుతో కొలిచి, ఏ చక్రపు చుట్టుకొలతకు సరిపోవునో చూచిన చాలును: ముప్పది మిల్లీమీటర్ల అడ్డుకొలత గల డ్రమ్మైనచో మచ్చకు మచ్చకు నడుమ తొంబదినాలుగు మిల్లీమీటర్లుండును. రాతిలోని పగులును ఉలిగీతనుండి వేరుచేసిన శాసనపాఠకుని చూపు, ఈ మచ్చలను కొలిచి దోషస్థానమును పట్టు మెకానిక్కు చూపు, నా మట్టుకు ఒకే జాతివి.

కాగితముపై గుర్తు పడకమునుపే తనంత తాను నిలిచిపోయి, తెరపై సంకేతమును చూపు గుణము యంత్రములకు మైక్రోప్రాసెసరులు వచ్చిన పిమ్మట అలవడినది. మన ఊళ్లలో విస్తారముగా నున్న క్యానను యంత్రములలో E000 అను సంకేతము, నియమితకాలములో రోలరు తగినంత వేడెక్కలేదని చెప్పును. E001 మితిమీరి వేడెక్కినదని చెప్పును. రికో యంత్రములలో ఇట్టి సంకేతములు SC అను అక్షరములతో మొదలగును. 542 వేడి చాలనిదానికి, 543 వేడి మించినదానికి. వేడికి సంబంధించిన ఈ సంకేతములలో పెక్కులు స్విచ్చి ఆర్పి మరల వేసినంతమాత్రమున తొలగవు. సర్వీసు మోడులో ప్రవేశించి తుడిచిననే యంత్రము మరల లేచును. యజమాని యెంత తొందరపడినను మెకానిక్కు రానిదే పని సాగకుండుటకు కారణము మొండితనము కాదు. మొదటి తరపు యంత్రములలో కాగితము అంటుకొన్న నాటి భయము నిబంధనయై నిలుచుటయే.

ఇక, ఛందస్సునకుండిన మేరయే ఈ సంకేతమునకును గలదు. E000 కనబడగానే రోలరులోని హీటరు దీపము మాడినదని అనుకొనుట తొందరపాటు. వేడిని కొలుచు థర్మిస్టరు టోనరుతో కప్పబడి తప్పుకొలత చెప్పియుండవచ్చును. థర్మల్ ఫ్యూజు తెగియుండవచ్చును. దీపమునకు విద్యుత్తునిచ్చు బోర్డు చెడియుండవచ్చును. ఇవేవియు కాక, యంత్రమంతయు నిర్దోషమై, వేసవి సాయంకాలము మోటార్లన్నియు ఒక్కసారిగా ఆడుచుండగా ఓల్టేజి పడిపోయి, దీపమునకు బలము చాలక, నియమితకాలము మించియుండవచ్చును. ఇట్టి సందర్భమున విడిభాగములు మార్చిన కొలది డబ్బు వృథా. ముందుగా మీటరు పెట్టి గోడప్లగ్గులోని ఓల్టేజిని చూడవలెను, తగిన స్టెబిలైజరు నమర్చవలెను. వానకాలమున రీములలో తేమ చేరుటచే కాగితములు ఒకదానికొకటి అంటుకొని జాము అగుచుండగా, రోలరు అరిగినదని దానిని మార్చువారును కలరు. యంత్రము తనకు నొప్పి కలిగిన చోటును చెప్పును. నొప్పికి హేతువు తన వెలుపలనున్నను అది ఎరుగదు.

ఈ సంగతిని శాస్త్రీయముగా పరిశీలించి వ్రాసినవాడు జూలియన్ ఓర్. జిరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయములో మానవశాస్త్రజ్ఞుడై, 1980వ దశకమున మెకానిక్కుల వెంట తిరిగి, వారి పనిని, వారి మాటలను గమనించి, 1996లో గ్రంథరూపమున ప్రకటించెను. అందొక ఉదంతమున యంత్రము E053 అను సంకేతమును చూపుచు పడిపోవుచుండెను. సర్వీసు పుస్తకములో ఆ సంకేతమునకు చెప్పిన అర్థము వేరు, అసలు దోషము వేరు. ఆవేశము కలిగించు తీగె నిప్పురవ్వలు విడుచుచుండగా, ఆ దెబ్బకు తక్కువ ఓల్టేజి సరఫరాలోని రక్షణవలయము తెగి, మరల లేచినప్పుడు యంత్రము సంబంధములేని సంకేతమును చూపుచుండెను. దీనిని మెకానిక్కులు పుస్తకములో చదివి తెలిసికొనలేదు. భోజనవేళల ఒకరికొకరు కథలుగా చెప్పుకొని తెలిసికొనిరి. ఆ కథలకు గల విలువను గుర్తించిన కంపెనీ, ఫ్రాన్సు దేశపు మెకానిక్కులతో మొదలుపెట్టి, వారి చిట్కాలను పోగుచేయు యురేకా అను భాండారమును 1990వ దశకమున ఏర్పాటు చేసెను.

అమెరికాలో భోజనపు బల్లదగ్గర జరిగినది మన సీమలో ఫోనుమీద జరుగుచున్నది. ఒక ఊరి మెకానిక్కు బోర్డు విప్పి కూర్చుండి, మరియొక ఊరి మెకానిక్కునకు సంకేతసంఖ్య చదివి వినిపించును. ఆవలివాడు, ఈ మోడలులో ఈ కోడు వచ్చినచో ముందుగా ఫలానా వైరు కొనను కదల్చి చూడుమని చెప్పును. సర్వీసు పుస్తకములు ఆంగ్లమున నుండును. వారి సంభాషణ తెలుగున సాగును. ఆ రెంటి నడుమ పుట్టిన పరిజ్ఞానము ఎక్కడను అచ్చు కాలేదు. తాటాకు లేఖకులలో కొందరైనను గ్రంథాంతమున తమ పేరు, ఊరు వ్రాసికొని, అక్షరదోషములను మన్నింపుమని చదువరిని వేడుకొనిరి. రిజిస్ట్రేషను లేఖకులు చేవ్రాళ్లు విడిచిరి. వేలకొలది పట్టాల నకళ్లను సాధ్యముచేసిన ఈ మెకానిక్కు పేరు ఏ కాగితముపైనను ఉండదు. ఈ లోపము నన్ను నిజముగా బాధించుచున్నది.

2011లో ప్రభుత్వపు మీసేవ వచ్చినది. అడంగలును, భూమి హక్కును తెలుపు ఒకటి-బి పత్రమును నేడు కంప్యూటరే అచ్చువేసి ఇచ్చును. అయినను జిరాక్సు షాపు మూతపడలేదు. ఆ అచ్చుపత్రమునకే బ్యాంకువారు మరల జిరాక్సు అడుగుచున్నారు. క్రొత్త యంత్రముల టోనరు డబ్బాలలో చిప్పులుండి, పొడి మిగిలియున్నను లెక్క పూర్తియైనదని యంత్రమును ఆపుచున్నవి. దోషము లేనిచోట సంకేతము కనబడు ఈ కాలమున మెకానిక్కు పని మరింత కఠినమైనది. పాతయంత్రములు తుక్కుకు పోవుచున్నవి. వానితోపాటు వాని మర్మములెరిగినవారు సి.సి. కెమెరాలవైపునకో, ఇంటర్నెట్టు కనెక్షనులవైపునకో మరలుచున్నారు. వారు జేబుపుస్తకములలో వ్రాసికొన్న కోడులు, వాని ప్రక్కన తెలుగున గీసికొన్న నివారణములు, ఏ ఓల్టేజికి ఏ మోడలు తట్టుకొనునో గుర్తించుకొన్న లెక్కలు, కనిగిరిలోనో ఒంగోలులోనో ఒక గ్రంథాలయపు బీరువాలో చేర్పవలెనని కోరుచున్నాను. బ్రౌను దొర వ్రాయించిన నకళ్లకు మద్రాసులో చోటు దొరకినట్లే వీనికిని చోటు దొరకవలెను. అందుకు కావలసిన మొదటి ప్రతిని తీయుటకు జిరాక్సు షాపు ఆ వీధిలోనే యున్నది.